వైజాగ్ 'మండే ఆఫర్' ప్యాకేజీకి డబ్బులు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడే బీచ్ రోడ్డు నుంచి వచ్చి రాస్తున్నా, మాట కొంచెం కరుకుగా ఉంటే సర్దుకోండి. రీల్స్‌లో రోజుకి నాలుగుసార్లు ఎదురయ్యే ఆ ప్యాకేజీ వాళ్లే. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. నలుగురికి రెండు రోజులు, కారుతో సహా రూ.18,000. సగం ముందే ఫోన్‌లో కొట్టించుకున్నారు. మొదటిరోజు సిటీ, రెండోరోజు అరకు. పైన పసుపు అక్షరాల్లో 'వీక్‌డే స్పెషల్, మండే ఆఫర్, ఎంట్రీ టికెట్లన్నీ కలిపే'.

వైజాగ్‌లో సోమవారం ఏవి మూసి ఉంటాయి? కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానం మ్యూజియం, జూ. వాళ్లిచ్చిన లిస్టులో మొదటి మూడు పేర్లు ఏమిటి? సరిగ్గా అవే. ఈ సంగతి తెలియక కాదు, పదిమందికి చెప్పిన నోరే ఇది. తారీఖు చూశాను గానీ వారం చూడలేదు. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

సబ్‌మెరైన్ గేటుకి తాళం. డ్రైవర్ కారు ఆపి, ఏమీ జరగనట్టు, "దిగండి సార్, ఇక్కడ నిలబడితే ఫొటో బాగా పడుతుంది" అన్నాడు. మరి లోపలికి ఎప్పుడని అడిగితే, "సైట్‌సీయింగ్ అంటే చూడ్డమే కదండీ. చూశారు కదా" అన్నాడు. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు. రోజూ అలవాటైన మాటలా వచ్చింది. సరే అని ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి నుంచి ఇంకో ముక్క: "సోమవారం బుక్ చేసుకున్నది మీరే కదండీ. వోచర్ మూడో పేజీ చూడండి, మూసి ఉంటే బయటి నుంచి చూపిస్తామని రాశాం." చూశాను. రాశారు. చీమ తలకాయంత అక్షరాల్లో.

అసలు కిటుకు అర్థమైందిగా? సోమవారం అయితే మూడు చోట్లా టికెట్లు కొనే పని లేదు. ఆ డబ్బు మన దగ్గర ముందే వసూలు. అందులోంచి కొంచెం తగ్గించి దానికే 'ఆఫర్' అని పేరు. దొంగతనానికి డిస్కౌంటు ఇచ్చినవాళ్లని ఇప్పుడే చూస్తున్నా.

బయటి నుంచి చూసి రావడానికి అదేమన్నా విగ్రహమా? 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధ కాలంలో పనిచేసి, 2001లో రిటైరైన సబ్‌మెరైన్ అది. 91 మీటర్ల పొడవు. బయటికి నల్లటి గొట్టంలా ఉంటుంది, అంతే. చూడాల్సినదంతా లోపలే: గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరడం, టార్పెడో గొట్టాలు, ఒకదాని మీద ఒకటి ఇరికించిన పడకలు. గేటు దగ్గర ఫొటోతో ఏమొస్తుంది?

ఇంకో తమాషా. లిస్టులో సబ్‌మెరైన్‌కి వేసిన టైము ఉదయం 9:30. మంగళవారం నుంచి శనివారం దాకా అది తెరిచేదే మధ్యాహ్నం 2కి, రాత్రి 8:30 దాకా ఉంటుంది. ఆదివారం మాత్రమే పొద్దున పూట కూడా తెరుస్తారు. అంటే ఏ వీక్‌డే తీసుకున్నా వాళ్ల లిస్టు ప్రకారం తాళమే దర్శనం.

ఇక మ్యాప్ తెలియనివాళ్లని ముంచే లైను ఒకటుంది: 'యారాడ, డాల్ఫిన్స్ నోస్, భీమిలి: సాయంత్రం'. ఆర్కే బీచ్‌లో నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ చెయ్యి చాస్తే అందేట్టు కనిపిస్తుంది, యారాడ బీచ్ ఆ కొండకి అవతల. కానీ మధ్యలో హార్బర్‌లోకి ఓడలు వచ్చే దారి ఉంది. 1933లో పోర్టు తెరిచినప్పటి నుంచీ ఓడలు ఆ సందులోంచే లోపలికొస్తాయి. కారు మాత్రం పోర్టు చుట్టూ తిరిగి మల్కాపురం, సింధియా మీదుగా పోవాలి. భీమిలి దానికి పూర్తిగా ఎదురు దిక్కు, ఉత్తరాన. రెండూ ఒక్క సాయంత్రం అంటే కారు కిటికీ తప్ప ఇంకేమీ చూడరు. తెన్నేటి పార్కు, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి అన్నీ ఒకే బీచ్ రోడ్డు వరస, వాటికి ఒక పూట. యారాడకి వేరే పూట, వెలుతురు ఉండగానే. అక్కడ నీళ్లలోకి మాత్రం దిగకండి, లోపలికి లాగేస్తుంది.

'హార్బర్ వ్యూ' అన్నది ఏమిటంటే ఫ్లైఓవర్ మీద కారు స్లో చెయ్యడం. హార్బర్ చూడాలంటే పాత ఊళ్లో రాస్ హిల్ ఎక్కండి. చర్చి దగ్గర నుంచి ఓడల దారి కింద కనిపిస్తుంది. నేవీ వైపు కెమెరా ఎత్తకండి, ఫొటోలు నిషేధం.

రెండోరోజు అరకు లిస్టు కూడా ఇప్పుడు కళ్లు తెరిచి చదివాను. 'పికప్ 8:00, విస్టాడోమ్ రైల్లో అరకు ప్రయాణం'. విస్టాడోమ్ పెట్టె, అంటే అద్దాల పైకప్పు ఉన్న బోగీ, తగిలించే కిరండూల్ పాసింజరు ఉదయం 7 లోపే వైజాగ్ స్టేషన్ వదిలేస్తుంది. ఎనిమిదికి పికప్ చేసి ఏ రైలెక్కిస్తారు, బొమ్మ రైలా? అడిగితే "సీట్లు లేకపోతే కారులో తీసుకెళ్తాం" అట. అదీ మూడో పేజీలోనే ఉంటుంది, చూడక్కర్లేదు. రోడ్డు మీద అరకు దాదాపు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు, దారిలో బొర్రా గుహలు. ఎనిమిదికి బయల్దేరితే రెండిట్లో ఒకటి హడావుడిగా ముగించాల్సిందే. రెండోరోజు క్యాన్సిల్ చేశాను. రూ.9,000 తిరిగొస్తాయన్న ఆశ లేదు, 'పాలసీ' ఉందట.

కట్టేముందు వారం చూసుకోండి. జీఎస్టీ బిల్లు అడగండి: 15 అంకెలూ అక్షరాలూ ఉండే నంబరు, ఆంధ్రాలో రిజిస్టరైతే 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో కొడితే పేరు బయటపడుతుంది. వీళ్లిచ్చిన రసీదు వాట్సాప్‌లో ఒక బొమ్మ, డబ్బు పోయింది ఎవరిదో సొంత ఖాతాకి. విస్టాడోమ్ అంటే మీ పేరుతో ఉన్న రైలు టికెట్ చేతికొచ్చాకే మిగతా సగం కట్టండి. మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చెయ్యండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు.

మండే ఆఫర్ ఇప్పటికీ వాళ్ల పేజీలో అన్నిటికంటే పైన ఉంది. దానికి పెట్టిన ఫొటో సబ్‌మెరైన్ లోపలిది.