క్లాసుకు 4, బుక్కుకు 1, మొత్తం కలిపి 2 స్టార్లే

అనంతపురంలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఈ క్లాసు గురించి అడుగుతూనే ఉన్నారు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం అడగొద్దు, అదే సార్ దగ్గర నాకింకా రెండు సబ్జెక్టులు మిగిలున్నాయి. ఎకానమీలో మానవాభివృద్ధి, జీవన నాణ్యత అనే ఒక్క చాప్టర్‌కే నాలుగు వారాలు, శని ఆదివారాలు క్లాసులు, ఫీజు 1,200 రూపాయలు, పైన మెటీరియల్ బుక్కుకు 180. బుక్కు వద్దంటే కుదరదు, ఫీజుతోనే కట్టించుకుంటారు.

ముందు ఆ బుక్కు సంగతి చెప్తా, కడుపుమంట అక్కడే ఉంది. మానవాభివృద్ధి సూచికకు (దేశాలకు 0 నుంచి 1 లోపు విలువ కట్టి ర్యాంకులిచ్చేది) కొలమానాలు ఆయుర్దాయం, వయోజన అక్షరాస్యత, తలసరి జీడీపీ అని మొదటి పేజీలోనే ఉంది. అది 1990 నాటి మాట. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మన అమర్త్య సేన్ లాంటివాళ్లను కలుపుకొని, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అయిన యూఎన్‌డీపీ తరఫున మొదటి నివేదిక తెచ్చినప్పటిది. 2010లోనే అక్షరాస్యత పోయి దాని బదులు సగటున ఎన్నేళ్లు చదివారు, ఇప్పుడు బడిలో చేరే పిల్ల ఎన్నేళ్లు చదవొచ్చు అనే రెండు లెక్కలు వచ్చాయి, జీడీపీ పోయి తలసరి స్థూల జాతీయ ఆదాయం వచ్చింది. అంటే ఆ పేజీని అప్పటినుంచి ఎవరూ ముట్టుకోలేదు, అట్ట మాత్రం ఏటేటా రంగు మారుతోంది.

ఇంకా ఉంది. ఒక పేజీలో మన దేశం ర్యాంకు 134, ఇంకో పేజీలో 130. రెండూ నిజమే, కానీ ఏది ఏ నివేదికదో రాయాలి కదా! 134 అనేది 2022 లెక్కలతో వచ్చిన నివేదికలోది, విలువ 0.644. 130 అనేది 2025 నివేదికలోది, లెక్కలు 2023వి, విలువ 0.685, బంగ్లాదేశ్‌కు కూడా అదే ర్యాంకు. బుక్కులో 'నాలుగు ర్యాంకులు ఎగబాకిన భారత్' అని బాక్సు కట్టి మరీ వేశారు. ఈ నివేదిక వచ్చిన ప్రతిసారీ పాత ఏళ్ల లెక్కల్ని కూడా సవరిస్తారు, సవరించాక 2022కు మన ర్యాంకు 133, విలువ 0.676. ఎక్కింది మూడు మెట్లు. పరీక్షలో ఇది స్టేట్‌మెంట్ ప్రశ్నగా వస్తే మార్కు పోయేది మనకి, బాక్సు కట్టినవాళ్లకి కాదు.

పేదరికాన్ని డబ్బుతో కాకుండా ఆరోగ్యం, చదువు, ఇంటి వసతుల్లోని లోట్లతో కొలిచే బహుముఖ పేదరిక సూచికకు కూడా అదే గతి. అంతర్జాతీయ సూచికలో ఉండేవి 10 అంశాలు, మన దేశానికి కట్టే సూచికలో నీతి ఆయోగ్ వాళ్లు తల్లుల ఆరోగ్యం, బ్యాంకు ఖాతా చేర్చి 12 చేశారు. బుక్కులో రెండింటికీ కలిపి ఒకటే పట్టిక.

క్లాసు మాత్రం వేరే లెవెల్. తొంభై మందికి మూడు ఫ్యాన్లు, మైకు మధ్యలో గీపెడుతుంది, ఏ రోజూ టైముకు మొదలుకాదు, అవన్నీ ఉన్నాయి, అయినా చెప్తున్నా. మొదటిరోజే సార్ బుక్కు మూయించి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయమన్నాడు. ఆయుర్దాయానికి అడుగు 20 ఏళ్లు, పైహద్దు 85, మనది 72, రెండింట్లోంచీ ఆ 20 తీసేసి 52ని 65తో భాగిస్తే సరిగ్గా 0.8. చదువులో బడిలో చేరే పిల్ల చదవగల 13 ఏళ్లను 18తో, పెద్దల సగటు 6.9 ఏళ్లను 15తో భాగించి సగటు తీస్తే 0.591. తలసరి ఆదాయం దేశాల మధ్య ధరల తేడా సర్దాక 9,047 డాలర్లు, దీనికి లాగ్ (సంవర్గమానం) కట్టాలి, హద్దులు 100, 75,000, వచ్చేది 0.68. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే 0.685. నివేదికలో ఉన్న అంకె మా ఫోన్లలో పడేసరికి వెనక బెంచీలోవాళ్లు కూడా ఓహో అన్నారు. ఇన్నాళ్లూ బట్టీ కొట్టిన నంబర్ అది!

లాగ్ ఎందుకంటే, శెనక్కాయ పీకను పోయే కూలీకి రోజుకు ఇంకో 300 వస్తే ఇంట్లో కూర మారుతుంది, అదే 300 కాంట్రాక్టర్ జేబులో పడితే ఆయనకు తెలియనే తెలియదు, అందుకని పైకి పోయేకొద్దీ డబ్బు బరువు తగ్గిస్తారు. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు నాకు.

ఇక గుణించడం ఎందుకు, కూడి మూడుతో భాగిస్తే పోలా అని ఒకతను అడిగాడు. 2010కి ముందు అదే చేసేవాళ్లంట. సార్ మా హాస్టల్ మెస్‌ను ఎత్తుకున్నాడు. తిండికి 9, గదికి 9, నీళ్లకు 1. కూడి భాగిస్తే 6.3, పర్లేదులే అనిపిస్తుంది. గుణించి ఘనమూలం తీస్తే 4.3. పొద్దున ఆరింటికి బకెట్ పట్టుకుని లైన్లో నిలబడేవాడికి ఏది నిజమో తెలుసు. మన దేశానికైతే పెద్ద తేడా రాదు, కూడితే 0.690, గుణిస్తే 0.685, అది కూడా లెక్క కట్టించే చూపించాడు.

సగటు చదువు 25 ఏళ్లు దాటినవాళ్లదే కడతారు కాబట్టి ఇంటికెళ్లి మావాళ్లది కట్టా. అవ్వ 0, అమ్మ 7, నాయిన 10, నేను డిగ్రీ దాకా 15, సగటు 8. తమ్ముడికి పందొమ్మిదే, లెక్కలోకి రాడు. దేశం సగటు 6.9 కదా, మనమే మేలు అని చెప్తే అవ్వ, "నేను బడికి పోలేదని ఇప్పుడు వేరే దేశాలోళ్లకి కూడా చెప్పినారేమప్పా?" అనింది.

అసంతృప్తి ఒకటుంది. అసమానతలను కలిపి కట్టే సూచికను చివరి ఆదివారం పది నిమిషాల్లో దాటేశాడు. అసమానతల వల్ల మన 0.685లో 30.7 శాతం కొట్టుకుపోతుందని 2025 నివేదికలో ఉంది, మెస్ ముచ్చటకు అరగంట ఇచ్చిన మనిషి దీనికి గంటైనా ఇవ్వాల్సింది. ఆ టైమంతా వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్టుకు పోయింది. అందులో మీ జీవితం సున్నా నుంచి పది మెట్ల నిచ్చెన మీద ఎక్కడుంది అని మనుషుల్నే అడుగుతారు, 2018 నుంచి 2025 దాకా ప్రతి ఏడూ ఫిన్లాండే మొదటిది. మమ్మల్నీ అడిగితే ముందు బెంచీ అబ్బాయి, "రిజల్ట్ వచ్చినాక అడగండి సార్" అన్నాడు.

స్టార్ల లెక్క ఇదీ. క్లాసుకు 4, బుక్కుకు 1. కూడి సగం చేస్తే 2.5, గుణించి వర్గమూలం తీస్తే 2. సార్ నేర్పిన పద్ధతే కాబట్టి ఆయన బాధపడకూడదు.

ఆఫీసులో తప్పులన్నీ చూపిస్తే నెక్స్ట్ ఎడిషన్‌లో చూస్తాం అన్నారు. నా కాపీలో అన్నీ పెన్సిల్‌తో దిద్దిపెట్టుకున్నా, ఇప్పుడు మా రూమ్‌లో ముగ్గురు దాన్నే జిరాక్స్ తీయించుకుని చదువుతున్నారు. ఒక్కో కాపీకి 70 రూపాయలు పడింది.