టైగర్ మాత్ మోడల్: ఎడమ బొటనవేలికి పని చెప్పే విమానం

అనంతపురంలో బోరు మోటార్లు రీవైండింగ్ చేసుకునేవాణ్ని. ఆర్సీ విమానాల (రిమోట్‌తో ఎగరేసే బుల్లి విమానాలు) పిచ్చి పన్నెండేళ్లది. నేర్చుకోవడానికి వాడే ఫోమ్ ట్రైనర్లు రెండు ఎగరేసి, విరగ్గొట్టి, అతికించుకున్నాక పోయిన దీపావళికి టైగర్ మాత్ (పైనొకటి, కిందొకటి రెక్కలున్న పాతకాలపు శిక్షణ విమానం) బాల్సా కిట్, అంటే తేలిక చెక్కది, తెప్పించుకున్నా. మోటారు, సర్వోలు (పలకలను కదిలించే బుల్లి మోటార్లు), బ్యాటరీ విడిగా కొనాలి. అన్నీ కలిపి 30 వేలు దాటింది. ఇంట్లో 18 అని చెప్పాను.

అందానికి మాత్రం వంక పెట్టలేం. 1931లో మొదట ఎగిరిన అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 8.94 మీటర్లు, నాది 1.4 మీటర్లు. పై రెక్క నడుమ పెట్రోలు ట్యాంకు ఉబ్బు, వెనక్కి వాలిన రెక్కలు, అన్నీ ఉన్నాయి. మన వైమానిక దళంలో ఒక తరం పైలట్లు దీని మీదే ఎగరడం నేర్చుకున్నారు.

గాల్లోకి లేచాక అసలు సంగతి తెలిసింది. ఎడమకు తిప్పుదామని ఎయిలరాన్ (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) స్టిక్ ఒక్కటే నొక్కితే రెక్క ఎడమకు వాలింది, ముక్కు కుడికి పోయింది! కిందికి దిగిన ఎయిలరాన్ ఆ పక్క రెక్కను గాలిలో వెనక్కి లాగుతుంది. అసలు విమానంలో అందుకే ఎయిలరాన్ పైకి బాగా లేస్తుంది, కిందికి దాదాపు దిగదు. కిట్ పుస్తకంలో రెండు వైపులా ఒకే కొలత ఇచ్చారు. నేను రిమోట్‌లో పైకి 12, కిందికి 5 మిల్లీమీటర్లు పెట్టుకున్నా. అయినా మలుపులో ఎడమ బొటనవేలితో రడ్డర్ (తోక మీద ముక్కును పక్కకు తిప్పే నిలువు పలక) కలపాల్సిందే. ట్రైనర్ మీద ఆ వేలికి పని చెప్పనివాళ్లు దీని జోలికి రావద్దు.

ముక్కు పొట్టి కాబట్టి బ్యాటరీని ఎంత ముందుకు తోసినా తోక బరువే. కౌలింగ్‌లో (ముక్కు దగ్గర మోటారు మీది మూత) 90 గ్రాముల సీసం పెట్టాక గాని తూకం కుదరలేదు. మూడో ల్యాండింగ్‌కే చక్రాల పలక ఊడొచ్చింది. చూస్తే జిగురు చుక్క చుక్కగా పెట్టారు. ఇంత డబ్బు పోసిన కిట్‌కు అదేం పనప్పా! డబ్బా తెరవగానే దానికి ఎపాక్సీ (రెండు కలిపి వాడే గట్టి జిగురు) పట్టించండి.

ఆషాఢంలో ఎగరేయలేం. రామగిరి గాలిమరలను తిప్పే గాలికి ఇంత తేలిక విమానం కాగితమే. శెనక్కాయ పీకేసిన చేలల్లో, జనవరి పొద్దున ఆరున్నరకు నేల చదునుగా, గాలి కదలకుండా ఉంటుంది. దిగేటప్పుడు థ్రాటిల్ (మోటారు వేగం) పూర్తిగా మూసేయొద్దు. రెండు రెక్కలు, కర్రలు, తీగలు గాలికి అడ్డం కాబట్టి రాయిలా పడిపోతుంది. నేల తాకాక ఎలివేటర్ (తోక మీద ముక్కును పైకీ కిందికీ తిప్పే అడ్డ పలక) స్టిక్ వెనక్కి లాగి పట్టకపోతే ముక్కు గుచ్చుకుంటుంది. ఆ లెక్కన నాలుగు ప్రొపెల్లర్లు పోయాయి.

చేను దగ్గర రెక్కలు బిగించడానికి 25 నిమిషాలు. స్క్రూలు బియ్యపు గింజంత. ఎర్రమట్టిలో పడితే షాపు నుంచి తెచ్చుకున్న పాత స్పీకర్ అయస్కాంతంతో వెతుకుతా. స్క్రూతో పాటు గుప్పెడు నల్ల ఇసుక కూడా అంటుకొస్తుంది.