మూత మూయగానే పరుగెత్తే టైమరు: మగ్ ప్రెస్‌తో రెండేళ్ల అనుభవం

కాగితం మీద అచ్చువేసిన ఫొటోను వేడితో మగ్గు మీదికి ఎక్కించే ఈ మగ్ ప్రెస్, విజయనగరంలోని మా ఫొటో దుకాణంలో రెండేళ్లుగా పనిచేస్తోంది. 180 డిగ్రీలు, 180 సెకన్లు పెట్టి మూత బిగిస్తే మిగిలినదంతా యంత్రమే చూసుకుంటుందని, కొన్న కొత్తలో అడిగిన వారందరికీ చెప్పాను. రోజుకు రెండు మూడు మగ్గులు వేసుకునేవారి విషయంలో, యంత్రాన్ని ముందుగా కాగనిస్తే, ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది. వరుసగా వేసేవారు మాత్రం దీని టైమరును నమ్మకూడదు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో, పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి 48 మగ్గులు ఒప్పుకున్నాను. అన్నిటి మీదా ఒకే గ్రూపు ఫొటో, దాని కింద ఒక్కొక్కరి పేరు. మొదటి నాలుగూ వెలిసిపోయినట్లు రావడంతో వేడి చాలలేదనుకొని 195కు పెంచాను. తరువాతివి చక్కగా వచ్చాయి కానీ, పదిహేను దాటేసరికి ఫొటోలోని నల్లని జుట్టంతా గోధుమరంగుకు తిరిగింది. సిరాను అనుమానించాను, కాగితం చెమ్మగిల్లిందనుకున్నాను, మగ్గుల పూత నాసిరకమేమోనని ఇంకో పెట్టె విప్పాను. రాత్రి పొద్దుపోయాక, పేర్ల జాబితా ప్రకారం మగ్గులను బల్ల మీద వరుసగా పేర్చినప్పుడు గాని అసలు సంగతి కనబడలేదు: వేడి పెంచిన తరువాత వేసిన వాటిలోనూ రంగు ఒక్కొక్క మగ్గుకూ కొద్దికొద్దిగా మాడుతూ పోయింది.

చల్లని మగ్గు పెట్టగానే తెర మీద వేడిని చూపే అంకె బాగా పడిపోతుంది. అయినా ఈ యంత్రం అది తిరిగి పైకి వచ్చేదాకా ఆగకుండా, మూత పడిన క్షణం నుంచే సెకన్లు లెక్కపెడుతుంది. యంత్రం ఇంకా కాగని మొదటి మగ్గుకు ఆ సమయంలో ఎక్కువ భాగం వేడెక్కడానికే సరిపోతుంది. పదిహేనో మగ్గు నాటికి చుట్టూ ఉండే సిలికాన్ పట్టీ పూర్తిగా కాగి ఉంటుంది కనుక, దాదాపు అన్ని సెకన్లూ అసలు వేడిలోనే గడుస్తాయి. పెనం కాలకముందు పోసిన అట్టుకూ, కాలిన తరువాత పోసిన అట్టుకూ ఒకే సమయం ఇచ్చినట్లన్నమాట. రంగు ఆవిరై పూతలోపలికి ఇంకిపోతుంది కాబట్టి చెడిన మగ్గును తుడిచి మళ్లీ వాడుకునే వీలు లేదు. పేర్లున్న మగ్గులు మరొకరికి అమ్మడానికీ పనికిరావు. చెడినవన్నీ నా ఖర్చుతోనే మళ్లీ వేసి ఇచ్చాను.

ఇప్పుడు ఉదయం ఒక పాత మగ్గు పెట్టి పది నిమిషాలు యంత్రాన్ని కాగనిస్తున్నాను. అసలు మగ్గు పెట్టాక అంకె మళ్లీ 180 చేరినప్పటి నుంచి ఫోనులో సమయం చూసుకుంటున్నాను. యంత్రం కూతను పట్టించుకోవడం లేదు. వానాకాలంలో కాగితాన్ని ముందుగా కాస్త ఆరబెట్టకపోతే మచ్చలు పడతాయి గాని, అది యంత్రం తప్పు కాదు. ఈ పద్ధతికి మారాక ఒక వరుసలోని మగ్గుల మధ్య నా కంటికి తేడా తెలియడం లేదు.

రోజుకు ఇరవై మించని నా దుకాణానికి ఇది చాలు, మార్చే ఆలోచన లేదు. పెళ్లిళ్లకు వందల లెక్కన వేసేవారు, పనివారి చేతికి యంత్రాన్ని అప్పగించేవారు మాత్రం, వేడి అందుకున్నాకే టైమరు మొదలవుతుందో లేదో దుకాణంలోనే మగ్గు పెట్టించి చూసి కొనడం మంచిది. మగ్గు పిడికి దగ్గరగా ఫొటో అంచుల్లో రంగు పలచబడటం నాకు ఇప్పటికీ తప్పలేదు. అందుకని ఫొటో వెడల్పునే కాస్త తగ్గించి వేస్తున్నాను.