కార్బాక్సిలిక్ గ్రూపుకు బైకార్బొనేట్ పరీక్షా, ఎస్టర్ పరీక్షా: ఏది మేలు?

ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయంటే హన్మకొండ, కరీంనగర్ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: ఇచ్చిన పదార్థంలో కార్బాక్సిలిక్ గ్రూపు (సేంద్రియ ఆమ్లాల్లో ఉండే -COOH) ఉందో లేదో తేల్చాలంటే ముందు ఏ పరీక్ష చేయాలి? రికార్డులో పొంగు చూసే బైకార్బొనేట్ పరీక్షా, పండు వాసన చూసే ఎస్టర్ పరీక్షా రెండూ ఉంటాయి, రెండూ సరైనవే. కాకపోతే తికమక ఎక్కువగా వచ్చేది ఫినాల్ దగ్గర, అదీ బలహీన ఆమ్లమే. కాబట్టి ఫినాల్ కాదని తేల్చి చెప్పగలిగే పరీక్షకే నా ఓటు.

ఆ పని చేసేది బైకార్బొనేట్. పీకేఏ విలువలు (ఎంత తక్కువైతే అంత బలమైన ఆమ్లం) చూడండి: బెంజోయిక్ ఆమ్లం 4.2, అసిటిక్ 4.76, కార్బోనిక్ సుమారు 6.4, ఫినాల్ 10, ఇథనాల్ 16 దగ్గర. కార్బోనిక్ ఆమ్లం కన్నా బలమైన ఆమ్లమైతేనే బైకార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగొడుతుంది. అసిటిక్‌కు ఆ బలం ఉంది, ఫినాల్‌కు లేదు. మినహాయింపు పిక్రిక్ ఆమ్లం లాంటివి. మూడు నైట్రో గ్రూపులున్న ఆ ఫినాల్ కూడా బుసబుస పొంగిస్తుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో దాన్ని ఇవ్వరు లెండి.

5 గ్రాముల సోడియం బైకార్బొనేట్‌ను 100 మి.లీ. చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో అప్పటికప్పుడు కలుపుకోవాలి. త్వరగా కరుగుతుందని వేడి నీళ్లు పోస్తే కొంత కార్బొనేట్‌గా మారిపోతుంది, అక్కడే పరీక్ష చెడుతుంది. ఎందుకంటే కార్బొనేట్‌కు కొద్దిపాటి ఆమ్లం తగిలితే ముందు బైకార్బొనేట్ ఏర్పడుతుంది, గ్యాస్ రాదు. 10 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణం 2 మి.లీ. తీసుకుని 0.1 గ్రాము బెంజోయిక్ ఆమ్లం వేస్తే అది కరిగిపోతుంది కానీ పొంగు దాదాపు కనబడదు. "సార్, ఆసిడ్ లేదు" అని రాసేస్తారు! అదే 0.1 గ్రామును 5 శాతం బైకార్బొనేట్ 2 మి.లీ.లో వేస్తే సుమారు 20 మి.లీ. వాయువు రావాలి.

బెంజోయిక్ ఆమ్లం నీళ్లలో సరిగా కరగదు. పలుకులుగా వేస్తే బుడగలు ఒక్కొక్కటే మెల్లగా లేస్తాయి. మెత్తగా నూరి వేసి, నాళికను కాస్త ఆడించి, ఒక నిమిషం ఆగండి. తర్వాత అదే ద్రావణంలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలుగా వేస్తే తెల్లటి అవక్షేపం తిరిగి వస్తుంది. ఈ రెండో అడుగు చేసినవాళ్ల పరిశీలనను ఎగ్జామినర్ కాదనలేరు. ముందు బ్యాచ్ వాడిన నాళికలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం మిగిలి ఉంటే మాత్రం ఏ పదార్థం వేసినా పొంగుతుంది, కడిగి మొదలుపెట్టండి. ఇంట్లో చేసి చూసేవాళ్లు కిరాణం షాపులో తినే సోడానే అడగాలి. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లం ముందే కలిపి ఉంటుంది, ఉత్త నీళ్లకే పొంగుతుంది.

ఇక ఎస్టర్ పరీక్ష. ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే వచ్చే పదార్థమే ఎస్టర్. అసిటిక్ ఆమ్లం, ఇథనాల్ చెరో 1 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు మూడు చుక్కలు, వేడి నీటి తొట్టెలో ఐదు నిమిషాలు. చర్య పూర్తిగా జరిగినా సమతాస్థితిలో మూడింట రెండొంతులే ఎస్టర్. మిగిలిన అసిటిక్ ఆమ్లపు ఘాటు పండు వాసనను కప్పేస్తుంది. అందుకే 30 మి.లీ. బైకార్బొనేట్ ద్రావణంలో పోసి వాసన చూడాలి. అంటే ఈ పరీక్ష తేలడానికీ బైకార్బొనేటే కావాలన్నమాట. పైగా ఒకే గదిలో ముప్పై మంది చేస్తుంటే ఎవరి నాళిక వాసనో ఎవరికీ తెలియదు. ఫార్మిక్ ఆమ్లంతో అసలు వద్దు. గాఢ సల్ఫ్యూరిక్ తగిలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

అయినా ఎస్టర్ గెలిచే చోటు ఒకటుంది. సాలిసిలిక్ ఆమ్లానికి మిథనాల్ కలిపి వేడిచేస్తే నొప్పుల బామ్ వాసన గుప్పుమంటుంది, పొరబడే వీల్లేదు. ఆల్కహాల్‌ను పట్టుకోవడానికి కూడా ఎస్టర్ పనికొస్తుంది, బైకార్బొనేట్ అక్కడ నోరెత్తదు. ఆదిలాబాద్ వైపు చలికాలంలో గ్లేసియల్ (నీళ్లు కలవని) అసిటిక్ ఆమ్లం సీసాలోనే గడ్డకడితే కంగారుపడకండి, దాని ద్రవీభవన స్థానం 16.6 డిగ్రీలే. సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే చాలు.

లిట్మస్ మొదటి సూచనకు మాత్రమే. ఫినాల్ కూడా నీలాన్ని కాస్త ఎరుపు చేస్తుంది. సోడియం ముక్క ఆల్కహాల్‌తోనూ, ఆమ్లంతోనూ, నాళికలోని తడితోనూ హైడ్రోజన్ ఇస్తుంది కాబట్టి ఈ పనికి దాన్ని బయటికి తీయనక్కర్లేదు.