షుగర్ రీడింగ్ యాప్‌లోకి ఎక్కించాలంటే: నొక్కడమా, చెప్పడమా, మీటర్‌కే వదిలేయడమా?

షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం యాప్ చేయమంటే చాలామంది ముందు గ్రాఫులు గీస్తూ కూర్చుంటారు. అసలు చిక్కు అంతకు ముందే ఉంది. మీటర్ మీద కనిపించిన అంకె ఫోన్‌లోకి ఎలా చేరాలి? వేలితో నొక్కొచ్చు, నోటితో చెప్పొచ్చు, లేదా బ్లూటూత్ ద్వారా మీటరే పంపొచ్చు.

నొక్కడం అందరికీ తెలిసిన పనే. కాకపోతే ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి రెటీనా దెబ్బతిని చూపు మసకబారుతుంది, నరాలు దెబ్బతిని చేతివేళ్లకు కూడా స్పర్శ తగ్గుతుంది. బటన్ పడిందో లేదో తెలియక 112 కాస్తా 12 అవుతుంది. ఆండ్రాయిడ్ చెప్పే కనీస బటన్ కొలత 48 డీపీ (తెర మీద సైజును కొలిచే యూనిట్). అంకెల బటన్లు అంతకంటే పెద్దవిగానే ఉండాలి. తిప్పే చక్రాలు, జరిపే స్లైడర్లు వద్దే వద్దు. వణికే వేలికి సరిగ్గా 140 దగ్గర ఆగడం ఓ పరీక్ష! చాలా మీటర్లు డెసీలీటర్ రక్తానికి 20 నుంచి 600 మిల్లీగ్రాముల వరకే చూపిస్తాయి కాబట్టి 12 అని పడగానే యాప్ మళ్లీ అడగాలి. తనంతట తాను దిద్దేయకూడదు. పైగా షుగర్‌ను మిల్లీమోల్ అనే మరో కొలమానంలో లెక్కించేవాళ్లకు 12 తప్పుకాదు, అది దాదాపు 216 మిల్లీగ్రాములతో సమానం. కొలమానం మొదట్లోనే ఒకసారి అడిగి, అంకె పక్కనే ఎప్పుడూ చూపించాలి.

చెప్పడం వినడానికి బాగుంటుంది. తెలుగులో మాత్రం 'నూట ఇరవై', 'నూట అరవై' మధ్య తేడా ఒక్క అక్షరమే. పళ్లు లేని నోట్లో, టీవీ మోగుతున్న గదిలో ఆ అక్షరం ఎటు పోతుందో! అందుకే అంకె ఎక్కించడానికి గొంతును నేను నమ్మను. ఎక్కిన అంకెను చదివి వినిపించడానికైతే అంతకు మించింది లేదు.

మీటరే పంపితే టైపింగ్ తప్పులుండవు. నా మొగ్గు ఇటే. ఒకసారి జత చేసి పెడితే చాలు, ఆ పని ఇంట్లో ఎవరైనా చేసిపెడతారు. అయితే ఇక్కడి గోతులు పైకి కనిపించవు. కొన్ని మీటర్లలో బ్యాటరీ మారిస్తే తేదీ, గడియారం మొదటికొస్తాయి. పొద్దున్నే చూసుకున్న రీడింగ్ అర్ధరాత్రిదిగా నమోదవుతుంది. ఒకే మీటర్‌తో భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేసుకుంటే ఇద్దరి అంకెలూ ఒకరి ఖాతాలో కలిసిపోతాయి, డాక్టర్ చూసేది ఎవరి షుగరో తెలియదు. అది పరగడుపుదా, భోజనం తర్వాతదా అన్నదీ మీటర్‌కు దానంతట అదే తెలియదు. కాబట్టి అంకె రాగానే తెర మీద రెండే ప్రశ్నలు రావాలి: 'ఇది మీదేనా?', 'తిన్నారా?' జవాబులకు పెద్ద బటన్లు ఉంటే సరిపోతుంది.

70 మిల్లీగ్రాముల కంటే తక్కువ వస్తే ఎర్ర రంగు వేసి ఊరుకోకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లూ ఉంటారు. 'షుగర్ తగ్గింది' అని అక్షరాల్లో రాయాలి, పైకి చెప్పాలి.

బ్లూటూత్ లేని మీటర్ ఉన్నవాళ్లకు నొక్కే దారి ఎలాగూ ఉండాలి. దాన్ని మెనూలో ఎక్కడో దాచకుండా మొదటి తెర మీదే పెట్టాలి. బాగా చూపు తగ్గినవాళ్లకు మాత్రం చెప్పడమే మేలు, విన్న అంకెను యాప్ 'ఒకటి, రెండు, సున్నా' అని విడివిడిగా తిరిగి చదివి, అవునన్నాకే రాసుకునేటట్లయితే.