ఆరేళ్లు వాడి చెప్తున్నా: కావలి డీటీపీ షాపులో విండోస్, మింట్, మ్యాక్

కావలిలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. జిరాక్స్, లామినేషన్ మా ఆయన చూసుకుంటాడు, కంపోజింగ్ నాది. శుభలేఖలు, కరపత్రాలు, దస్తావేజుల మేటర్, అడంగల్ ప్రింట్లు, పిల్లల కాలేజీ అప్లికేషన్లు. షాపులో మూడు సిస్టమ్స్ ఉన్నాయి. ఒకటి 2020 జనవరి నుంచి లినక్స్ మింట్ (విండోస్ బదులు ఉచితంగా ఎక్కించుకునేది) మీద నడుస్తోంది. రెండోది విండోస్ 10, మూడోది 2023లో కొన్న విండోస్ 11. ఇంటికెళ్తే మా అమ్మాయి మ్యాక్‌బుక్ ఎయిర్. నాలుగూ నా చేతుల్లో నలిగినవే.

కొన్ని నెలలుగా షాపుకొచ్చేవాళ్లు ఒకటే అడుగుతున్నారు. "అక్కా, విండోస్ 10 ఆగిపోయిందంట గదా, మా సిస్టమ్ తీసేయాల్నా?" అక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో ఆగింది దానికి ఉచితంగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. కంప్యూటర్ ఎప్పట్లాగే ఆన్ అవుతుంది, పని చేస్తుంది. కాకపోతే ఇక మీదట బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. ఇళ్లల్లో వాడుకునేవాళ్లు సెట్టింగ్స్‌లో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా ఆ అప్‌డేట్లు వస్తాయి. షాపులో ఉన్న విండోస్ 10 సిస్టమ్‌కి నేను చేసింది అదే.

విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. నా దగ్గరికి వచ్చే లాప్‌టాప్‌లలో నాలుగో తరం, ఐదో తరం ఐ3లు చాలా ఉంటాయి. అవి చెడిపోయినవి కావు. పిల్లల చదువు కోసమని అప్పు చేసి కొన్నవి కొన్ని. అలాంటిదాన్ని పాత సామాను కింద రెండు వేలకు ఇచ్చేస్తున్నారంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇదంతా రాయడానికి కారణం అదే.

2020లో మా పరిస్థితీ ఇదే. ఆ జనవరి 14న విండోస్ 7కి అప్‌డేట్లు ఆగిపోయాయి. అది నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఆరు నెలలకోసారి ఫార్మాట్ కొట్టించేవాళ్లం. పక్క వీధి కుర్రాడు ఒకడు పెన్‌డ్రైవ్‌లో మింట్‌లో పాత సిస్టమ్స్‌కి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తెచ్చాడు. "ఎక్కించకుండానే వాడి చూడండక్కా, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేయండి" అన్నాడు. లైవ్‌లో రెండు రోజులు చూసి ఎక్కించుకున్నా. అప్పుడు 19.3, ఇప్పుడు 22. ఈ ఆరేళ్లలో కొత్త వెర్షన్‌కి మారినప్పుడు తప్ప ఫార్మాట్ మాటే లేదు. మధ్యలో హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాం. ఏ సిస్టమ్‌కైనా ముందు చేయాల్సిన పని అది. స్లో అని తిట్టించుకునే కంప్యూటర్లలో చాలావాటికి అసలు జబ్బు హార్డ్ డిస్కే.

మింట్ మాకు బాగా పనికొచ్చింది పెన్‌డ్రైవ్‌ల దగ్గర. హాల్‌టికెట్ల సీజన్‌లో ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు వచ్చి పడతాయి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయి ఉంటాయి, ఫైల్స్ పోయాయని పిల్లలకు టెన్షన్. ఆ వైరస్ విండోస్ కోసం రాసింది, మింట్‌లో నడవదు. పైగా అది దాచేసిన అసలు ఫోల్డర్లు మింట్‌లో మామూలుగానే కనబడతాయి. కాపీ చేసి ఇచ్చేస్తాను. ఎవరి పెన్‌డ్రైవ్ అయినా ముందు మింట్‌కే పెట్టాలని షాపులో రూల్ పెట్టుకున్నాం.

అప్‌డేట్ల సంగతి. మింట్‌లో అడుగున డాలు గుర్తు కనబడుతుంది, తీరిక దొరికినప్పుడు నొక్కుకోవచ్చు. విండోస్‌లో యాక్టివ్ అవర్స్ (రీస్టార్ట్ కాకూడని వేళలు) మన పనివేళలకు తగ్గట్టు పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు. ఓ శ్రావణమాసంలో సేవ్ చేయని శుభలేఖ ప్రూఫ్ తెరిచి ఉంచి అన్నానికి వెళ్లొచ్చేసరికి సిస్టమ్ రీస్టార్ట్ అయి కూర్చుంది. రెండు పేజీలు మళ్లీ కొట్టాను.

ఇక తెలుగు. మనవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. శుభలేఖల అక్షరాల అందమంతా అను ఫాంట్లలో ఉంది, మా దగ్గరున్న అను నడిచేది విండోస్‌లోనే. మా పెళ్లిళ్ల సీజన్ మొత్తం దాని మీదే నడుస్తుంది, దాన్ని వదులుకోలేను. అయితే అనులో కొట్టిన మేటర్ యూనికోడ్ (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనబడే పద్ధతి) కాదు. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. అందుకే నేను అనుని అచ్చుకి మాత్రమే ఉంచుకున్నా. ఉత్తరాలు, అర్జీలు, వ్యాసాలు అన్నీ యూనికోడ్‌లోనే. యూనికోడ్ విషయంలో ఇప్పుడు మూడూ బాగానే ఉన్నాయి. విండోస్‌లో నిర్మలా ఫాంట్ ఉంది, 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా వస్తోంది. మింట్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, డీటీపీ వాళ్లకు అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా దొరుకుతాయి. పోతన, వేమన ఫాంట్లు మింట్ సాఫ్ట్‌వేర్ జాబితాలోనే ఉంటాయి. మొదటిసారి ఐబస్ సెట్ చేయడం మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల వల్ల కాదు, ఎవరైనా దగ్గరుండి చేసిపెట్టాలి.

రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన నిరుడు మనవడు వదిలేసిన లాప్‌టాప్ తెచ్చారు. తన చిన్ననాటి సంగతులు రాసుకోవాలని ఆయన కోరిక. విండోస్ 11 దానికి ఎక్కదు. మింట్ వేసి, అక్షరాలు పెద్దవి చేసి, తెలుగుకి మారే మీట చూపించాను. "ఏదైనా కొట్టండి మాస్టారూ" అన్నాను. ఒక్కో మీటా వెతుక్కుంటూ 'విక్రమ' దాకా వచ్చారు. క కింద క్రావడి వచ్చి కుదురుకోగానే వేలు అక్కడే ఆపి తెర మీదికి వంగారు. "వత్తు దానంతటదే కూర్చుందే అమ్మాయ్" అన్నారు. తర్వాత విక్రమసింహపురి (నెల్లూరు పాత పేరు) మొత్తం కొట్టారు. నెల తిరిగేసరికి నలభై పేజీలు ప్రింట్‌కి తెచ్చారు. ఆయనకు విండోస్ లేని లోటు ఒక్కటీ తెలియదు, ఎందుకంటే ఆయన పనికి అది అక్కర్లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. మా పాత లేజర్ ప్రింటర్‌ని మింట్‌తో కలపడానికి రెండు ఆదివారాలు పోయాయి. చివరికి దాన్ని విండోస్ దగ్గరే ఉంచి మింట్ నుంచి పీడీఎఫ్‌లు అటు పంపుతున్నాం. ప్రింటర్ కొనేముందు అది లినక్స్‌లో నడుస్తుందా లేదా కనుక్కోవాలి. డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర మెషిన్ మా దగ్గర విండోస్‌లోనే కదులుతాయి. ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్లూ విండోస్ వదలొద్దు. విండోస్ సాఫ్ట్‌వేర్లను మింట్‌లో నడిపే వైన్ పెట్టి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నడపాలని చూశాను, తెరుచుకుంది గానీ దాన్ని నమ్మి గిరాకీ పని ముట్టుకోలేను. ఎమ్మెస్ ఆఫీస్ బదులు మింట్‌లో వచ్చే లిబ్రె ఆఫీస్‌లో మామూలు ఫైల్స్ బాగా తెరుచుకుంటాయి, కాకపోతే టేబుల్స్ ఉన్న బయోడేటాలు ఒక్కోసారి గీతలు జరుగుతాయి. ఉద్యోగానికి పంపేదైతే పీడీఎఫ్ చేసే పంపమంటాను.

విండోస్ 11 సిస్టమ్ 8 జీబీ ర్యామ్‌తో బాగా నడుస్తోంది. కొత్త మెషిన్ కొని, డబ్బు పెట్టి అసలైన విండోస్ తీసుకునేవాళ్లకు నేను వద్దని చెప్పను. ఐదొందలకు వేయించుకునే క్రాక్ కాపీకి మాత్రం వద్దంటాను. అప్‌డేట్లు ఆపేసి ఉన్న ఆ సిస్టమ్‌లో జనం బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొడుతున్నారు. దాని కంటే ఉచితంగా వచ్చే మింట్ వెయ్యి రెట్లు నయం.

మ్యాక్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎండాకాలం కరెంటు పోయినా మా అమ్మాయి సాయంత్రం దాకా ఛార్జర్ వెతకదు. తెలుగు అక్షరాలు తెర మీద కంటికి ఇంపుగా ఉంటాయి. కానీ ఆ ధరకు మా షాపులో రెండు సిస్టమ్స్ వస్తాయి, పైగా మా అను దానిలో నడవదు.

ఇప్పుడు మా విండోస్ 10 సిస్టమ్‌కి 2026 అక్టోబర్ గడువు ఉంది. దానికీ విండోస్ 11 ఎక్కదు. అను పనంతా మూడో సిస్టమ్‌కి మార్చేసి, ఈ విండోస్ 10 సిస్టమ్‌నీ మింట్ చేయాలని నేను, ఇంకో ఏడాది చూద్దామని మా ఆయన. ఈ నెల దాన్ని పెన్‌డ్రైవ్ మీద లైవ్‌లో నడుపుతున్నాం, ఆయనే కూర్చుంటున్నాడు.