పది తర్వాత ఏది మేలు: ఇంటరా, పాలిటెక్నిక్కా, ట్రిపుల్ ఐటీనా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. చీమకుర్తి అవతల ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. పదో తరగతికి క్లాస్ టీచర్‌ని కూడా నేనే. "టీచరమ్మా, మావోడికి ఇన్ని మార్కులొచ్చినయ్, యాడ చేర్పిద్దాం?" ఏటా ఇదే ప్రశ్న. పోయినేడాది మా చిన్నమ్మాయి పది పూర్తి చేసింది. అప్పుడు అదే ప్రశ్న మా ఇంట్లోకీ వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఊళ్లో పిల్లలకు దారి చెబుతున్నదాన్ని, సొంత బిడ్డ దగ్గరికొచ్చేసరికి నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. అందుకే ఈసారి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందుగా రెండు మాటలు: పాలిసెట్ అంటే పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష. ఇంటర్‌లో ఎంపీసీ అంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ; బైపీసీ అంటే లెక్కల బదులు జీవశాస్త్రం.

అందరూ మార్కులు చెప్పి అడుగుతారు. నేను మాత్రం తిరిగి ఒకటే అడుగుతాను: సాయంత్రం బడి గంట కొట్టాక మీ పిల్లాడు ఏం చేస్తాడు? ఇంటికొచ్చి సంచి మూల పడేశాక, చీకటి పడేదాకా, ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఏ పని మీదికి పోతాడు? చాలామంది తల్లిదండ్రులు కాసేపు ఆలోచనలో పడతారు. కొందరైతే "రేపు చెబుతా టీచరమ్మా" అని ఫోన్ పెట్టేస్తారు. రేపు చెప్పినా పరవాలేదు. నా మటుకు నాకు అడ్మిషన్‌ని తేల్చాల్సింది ఆ జవాబే.

ఈ ఏడాది మా క్లాసులోంచి ముగ్గురు పిల్లల సంగతి చెబుతాను. పేర్లు రాయడం బాగుండదు.

మొదటిది ఒక అమ్మాయి. 600కి 580 దాటాయి. వాళ్లమ్మ గ్రానైట్ ఫ్యాక్టరీలో పనికి పోతుంది. ఆమె వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. ఈ పిల్ల బడి నుంచి పోయి అన్నం వండి, తమ్ముణ్ణి చూసుకుని, ఆ తర్వాత అరుగు మీద కూర్చుని రేపటి పాఠం ముందే చదువుకుంటుంది. మర్నాడు క్లాసులో నేను చాక్‌పీస్ పట్టుకోకముందే సందేహంతో నిలబడుతుంది. చదవమని ఆమెకు చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. చెప్పాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. అలాంటి పిల్లకు ఒంగోలు ట్రిపుల్ ఐటీ పుట్టిల్లు లాంటిది. నేను ఆలోచించకుండా అప్లై చేయమన్నాను.

ట్రిపుల్ ఐటీ గురించి మన వైపు ఒక అపోహ ఉంది. సీటు వచ్చిందంటే ఆరేళ్లు నిశ్చింత, ఇంజనీరై బయటికొస్తాడు అనుకుంటారు. మనం ట్రిపుల్ ఐటీ అని పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో పెట్టింది పల్లెటూరి పిల్లల కోసమే, అది నిజం. ఒంగోలు క్యాంపస్ 2016లో వచ్చింది. ఎంట్రన్స్ టెన్షన్ లేకుండా పది మార్కుల మీదే సీటు ఇస్తారు. సర్కారు బడి పిల్లలకు 4 శాతం మార్కులు కలుపుతారు. ఇంటర్‌లాంటి రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ ఒకే గొడుగు కింద అయిపోతాయి. పేదింటి పిల్లకు ఇంతకంటే పెద్ద వరం లేదు, ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ అక్కడ మనలాగా వెంటపడి చదివించేవాళ్లు ఉండరు. పదిహేనేళ్ల పిల్ల వందల మంది మధ్య హాస్టల్లో ఉంటూ, ఇంగ్లీషులో పాఠాలు అందుకుంటూ, సెమిస్టర్ పరీక్షలకు తనంతట తానే సిద్ధం కావాలి. నేను పంపిన పిల్లల్లో నిలదొక్కుకున్నవాళ్లంతా బడిలో ఉన్నప్పుడే తమంతట తాము పుస్తకం తీసినవాళ్లు. తడబడినవాళ్లకు తెలివి తక్కువేం కాదు. వాళ్ల మార్కుల వెనుక ఒక అమ్మో, ఒక ట్యూషన్ సారో కూర్చుని ఉన్నారు, అంతే.

ఇంకో సంగతి. అక్కడ ఆరేళ్లూ ఇంజనీరింగ్ వైపే. పిల్లకు డాక్టర్ కావాలనో, లాయర్ కావాలనో మనసులో ఉంటే సీటు వచ్చింది కదా అని పంపకండి.

రెండో పిల్లాడికి 430 చిల్లర వచ్చాయి. వాళ్ల నాన్నకు రెండెకరాల పొగాకు. పొగాకును వేడితో ఆరబెట్టే క్యూరింగ్ రోజుల్లో, ఆ పని జరిగే బ్యారన్ దగ్గర నాన్నకు తోడుగా పడుకుని, గంటగంటకూ లేచి థర్మామీటర్ చూసి, వేడి ఎంత పెంచాలో తగ్గించాలో వాడే చెబుతాడట. ఆ మాట వాళ్ల నాన్నే నాతో గర్వంగా అన్నాడు. బడిలో ఫ్యాన్ ఆగితే అటెండర్ కంటే ముందు వీడినే పిలుస్తాం. ఊళ్లో బోరు మోటార్ల స్టార్టర్లు విప్పి బాగుచేస్తాడు. ఓమ్స్ నియమం మీద ప్రశ్న రాయమంటే సగమే రాస్తాడు. అదే నియమాన్ని చేత్తో చేసి చూపించమంటే తడుముకోడు.

ఈ పిల్లాణ్ణి ఇంటర్ ఎంపీసీలో వేస్తే రెండేళ్లు పొద్దుటి నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తారు. వాడికి వచ్చిన విద్య ఆ రెండేళ్లలో ఎవరి కంటా పడదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ తీసుకుంటే మొదటి ఏడాదే వర్క్‌షాప్ ఉంటుంది, ల్యాబ్ ఉంటుంది. చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం ఇండస్ట్రియల్ ట్రైనింగ్. మన నెల్లూరు వైపు నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, కృష్ణపట్నం పోర్టు ఉన్నాయి. ఇట్లాంటి చోట్ల జరిగేది వాడికి ఇప్పటికే నచ్చిన పని.

ఇక్కడ నా మొగ్గు దాచుకోను. మన ప్రాంతంలో సర్కారు బడిలో చదివి మధ్యరకం మార్కులు తెచ్చుకున్న పిల్లలకు పాలిటెక్నిక్‌లో దొరికినన్ని మెట్లు ఇంకెక్కడా లేవు. సర్కారు పాలిటెక్నిక్‌లో ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. పాలిసెట్ పదో తరగతి లెక్కలు, సైన్స్ మీదే ఉంటుంది. 120 మార్కులకు రెండు గంటల పరీక్ష. మూడేళ్లకు చేతిలో డిప్లొమా ఉంటుంది. ఇంట్లో పరిస్థితి బాగాలేకపోతే అక్కడితో ఆగి పనిలో చేరొచ్చు. రైల్వేలో జూనియర్ ఇంజనీర్ లాంటి ఉద్యోగాలకు డిప్లొమాతోనే రాయొచ్చు. పరిస్థితి బాగుంటే ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇళ్లకు, ఇలా నడిమధ్యలో ఆగినా చేతిలో ఏదో ఒకటి మిగిలే చదువు ఎంత విలువైనదో నాకు తెలుసు.

ఒంగోలులో దామచర్ల ఆంజనేయులు ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. నెల్లూరులో ఆడపిల్లలకు వేరే పాలిటెక్నిక్ ఉంది. గూడూరులో సిరామిక్ టెక్నాలజీకి ప్రత్యేకంగా ప్రభుత్వ కాలేజీ ఉంది. మట్టి, గాజు, టైల్స్ మీద ఆసక్తి ఉన్న పిల్లలు దాన్ని అడగనే అడగరు, అడగాలి.

మా చిన్నమ్మాయిని కూడా ఒంగోలు పాలిటెక్నిక్‌లోనే ఎలక్ట్రానిక్స్‌లో చేర్పించాం. దానికి 550 పైన వచ్చాయి. బంధువులంతా ట్రిపుల్ ఐటీ అన్నారు. కానీ అది ఇంట్లో పాత రేడియో నుంచి మా వారి ఫోన్ ఛార్జర్ దాకా విప్పని వస్తువు లేదు. పుస్తకం మాత్రం నేను ముందు కూర్చుంటేనే తెరిచేది. రోజూ పల్లెవెలుగు బస్సులో ఒంగోలు పోయి వస్తోంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక ఆడపిల్లకు బస్సు చార్జీ బాధ కూడా లేదు. రాత్రి మా పక్కనే కూర్చుని అన్నం తింటూ ఆ రోజు ల్యాబ్‌లో ఏం చేసిందో చెబుతుంది. నాకు అది చాలా పెద్ద విషయం.

పాలిటెక్నిక్‌లో ఇబ్బంది లేదని అనను. మొదటి ఏడాది లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు. పదో తరగతిలో త్రికోణమితి వదిలేసినవాళ్లు ఈ వేసవిలోనే దాన్ని పూర్తిగా నేర్చుకుని పోవాలి. తప్పిన సబ్జెక్టులు, అంటే బ్యాక్‌లాగులు, పేరుకుపోయాక తీరిగ్గా చూద్దామంటే కుదరదు.

మూడో పిల్ల ఖోఖో ఆడుతుంది. మండల పోటీల్లో మా బడిని గెలిపించింది. సాయంత్రమైతే మేకల్ని ఇంటికి తోలుకొస్తుంది. ఏ మేక సరిగా మేయలేదో, ఏది చూడిదో చూడగానే చెబుతుంది. జీవశాస్త్రంలో బొమ్మలు ప్రాణం పోసినట్టు వేస్తుంది. ఏం కావాలమ్మా అంటే తల దించుకుని "తెల్వదు మేడం" అంటుంది. పదిహేనేళ్ల పిల్ల తెలియదు అనడం తప్పు కాదు. ఇంటర్ ఉన్నదే ఇట్లాంటి పిల్లల కోసం.

ఇంటర్‌కు ఉన్న బలం అదే. బైపీసీ చదివితే అగ్రికల్చర్ ఉంది, వెటర్నరీ ఉంది, నర్సింగ్ ఉంది, మన నెల్లూరు జిల్లా ముత్తుకూరులోనే మత్స్య కళాశాల ఉంది. రొయ్యల చెరువుల మధ్య పుట్టిన పిల్లలు కూడా బీఎఫ్‌ఎస్సీ అనే చేపల పెంపకం డిగ్రీ కోర్సు ఒకటుందని తెలియకుండానే పెరుగుతున్నారు, అది నాకు బాధగా ఉంటుంది. టీచర్ కావాలంటే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీ ఉంది. డిగ్రీకైతే నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల కింద కాలేజీలు ఉన్నాయి. రెండేళ్లు గడిచాక పిల్ల ఇంకొంచెం పెద్దదవుతుంది. అప్పుడు తేల్చుకోవచ్చు.

అయితే ఏ ఇంటర్ అన్నది అసలు సంగతి. ఆరేళ్ల కిందట మా పెద్దబ్బాయిని వేరే ఊళ్లో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. వాడు సాయంత్రమైతే క్రికెట్, లేకపోతే బొమ్మలు. అయినా మంచి మార్కులొచ్చాయి కదా అని పంపాం. తెల్లవారుజామున ఐదింటికి లేపి రాత్రి పదిదాకా స్టడీ అవర్స్. దసరాకు ఇంటికొచ్చినప్పుడు బస్సు దిగిన వాణ్ణి చూసి నా గుండె జారింది. సగమైపోయాడు. అడిగినదానికి అవును, కాదు అనడం తప్ప మాట లేదు. బొమ్మల పుస్తకం ముట్టుకోలేదు. సెలవులైపోయినా తిరిగి పంపలేదు. ఆ ఏడాది పోయింది, కట్టిన ఫీజు పోయింది. తర్వాత సర్కారు జూనియర్ కాలేజీలో చేరి నెమ్మదిగా కోలుకున్నాడు, ఇప్పుడు బాగున్నాడు. టీచర్‌ని అయ్యుండి నా బిడ్డ తీరు నేనే చూసుకోలేదన్న బాధ మాత్రం నాకు పోలేదు. ఇక్కడ అందరినీ గంట కొట్టాక ఏం చేస్తాడని అడుగుతున్నానంటే, అప్పుడు నేను అడగనందుకే.

కాబట్టి ఖోఖో పిల్లను దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీలో చేర్చమన్నాను. 2025 జనవరి నుంచి అక్కడ మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. సాయంత్రం గ్రౌండ్‌కి పోవడానికి వీలుంటుంది, మేకలూ ఉంటాయి.

మిగతా దారులు రెండు మాటల్లో. ఐటీఐ మంచిదే, త్వరగా పనిలో చేరాలనుకునే ఇంటికి సరిపోతుంది. వ్యవసాయం ఇష్టమైతే రెండేళ్ల అగ్రికల్చర్ పాలిటెక్నిక్ ఉంది, పొదలకూరులో చదవొచ్చు. గురుకుల జూనియర్ కాలేజీల సీటు వస్తే వదులుకోకండి.

ఇప్పుడు నన్ను ఈ వారమంతా నిలబెట్టి అడుగుతున్న ఒక తండ్రి సంగతి. వాళ్లబ్బాయికి 565. నాన్నకు ట్రిపుల్ ఐటీ మీదే మనసు. అబ్బాయి మంచివాడు, చెప్పిన మాట వింటాడు. చెప్పకపోతే మాత్రం ఏమీ చేయడు. రోజూ సాయంత్రం వాళ్లక్క పక్కన కూర్చోబెట్టి చదివించిందని నాకు తెలుసు. "సీటు వస్తే వద్దంటామా టీచరమ్మా, వాడే అలవాటు పడతాడు" అంటాడు ఆయన. పడొచ్చు. పడకపోతే ఎట్టా అన్నదే నా భయం.

ఆయనకు నేను ఒకటే చెప్పాను. నోటిఫికేషన్ గడువుకు ఇంకా టైం ఉంది. అబ్బాయిని పది రోజులు కావలిలో మేనత్త ఇంటికి పంపండి. అక్క వెంట పోవద్దు. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ పుస్తకం ఒకటి సంచిలో పెట్టండి. రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడగండి, చదివావా అని మాత్రం అడగొద్దు. పంపారు. ఎల్లుండితో పది రోజులవుతాయి. పుస్తకం తీసుకుని నా దగ్గరికి రమ్మన్నాను.